పక్క గుడిసె అక్క, గేటు తాళం

నా చిన్నప్పుడు మేం తాళం వేసిన రేకుల ప్రహరీ లోపల బతికాం. ఈ మాట చెబితే మా పిల్లలు జైలా అని అడుగుతారు. జైలు కాదు. జైల్లో ఉన్నవాళ్ళకు ఎప్పుడు వదులుతారో ముందే చెబుతారు, మాకు అదీ చెప్పలేదు. ఢిల్లీలో జనక్‌పురి వైపు ఫ్లాట్లు కడుతున్న చోట, కూలీల కోసం వేసిన గుడిసెల వరసలో మా సంసారం. చుట్టూ రెండు మనుషుల ఎత్తు రేకులు, ఒకే ఒక్క ఇనుప గేటు. అప్పుడు ఊరంతా అదే పని. ఎటు చూసినా గోతులు, ఇసుక కుప్పలు, లేస్తున్న మేడలు, వాటి చుట్టూ కట్టిన సారువ కర్రలు. ఆ మేడల్లో ఉండబోయేవాళ్ళు అప్పుడప్పుడు స్కూటర్ల మీద వచ్చి తమ ఇల్లు ఎంతవరకు వచ్చిందో చూసుకుని పోయేవారు. మమ్మల్ని చూసినవాళ్ళు తక్కువ.

మేమంతా పాలమూరు వాళ్ళం. మమ్మల్ని తెచ్చింది గుంపు మేస్త్రీ. మేస్త్రీ అంటే తాపీ పట్టుకునే మనిషి అనుకునేరు. ఆయన చేత్తో ఇటుక ముట్టగా నేను చూసిన పాపాన పోలేదు. వానలు పడని ఏడాది ఊళ్ళ మీద తిరిగి, ఇళ్ళల్లో ముందుగా డబ్బు పోసి, అది తీరేదాకా పని చేయించడానికి మొగుడూ పెళ్ళాం పిల్లల్ని కలిపి రైలెక్కించేవాణ్ణి గుంపు మేస్త్రీ అంటారు. మాకెవరికీ హిందీ రాదు కాబట్టి ఢిల్లీలో మా నోరు కూడా ఆయనే. ఠేకేదారుతో, అంటే కాంట్రాక్టరుతో, మా తరఫున ఆయనే మాట్లాడేవాడు. ఏం మాట్లాడాడో మాకు తెలిసేది కాదు గానీ, మాట్లాడి వచ్చినప్పుడల్లా ఆయన మొహం కళకళలాడుతూ ఉండేది.

పొద్దు గూకగానే చౌకీదారు గేటుకు తాళం వేసేవాడు. తాళంచెవి ఠేకేదారు గుమస్తా దగ్గర ఉండేది. అతన్ని అందరూ మున్షీ అనేవారు. మున్షీ ఆ చెవిని జేబులో వేసుకుని సైకిలెక్కి తన ఇంటికి పోయేవాడు, తెల్లారాక వచ్చి తీసేవాడు. సిమెంటు, ఇనుము దొంగల పాలు కాకుండా అని చెప్పేవారు. ఇనుము తలుపులు దాటి పారిపోదని, పారిపోయేవి కాళ్ళున్నవేనని పిల్లలకు కూడా తెలుసు. డబ్బు తీసుకున్న మనుషులు చీకట్లో చెక్కేస్తారని వాళ్ళ భయం.

ఆ ఎండాకాలం మా ఎదురు వరసలో ఒకామె బిడ్డకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. తాళం పడ్డాక పట్టుకున్నాయి. బిడ్డ తండ్రి గేటు ఊచలు పట్టుకుని అరిచాడు. చౌకీదారు పాపం తనూ అరిచాడు, అతని దగ్గర మాత్రం తాళంచెవి ఎక్కడిది? మున్షీ సైకిలు గంట వినబడేసరికి బిడ్డ చల్లబడిపోయింది. మేస్త్రీ వెళ్ళి ఠేకేదారుతో మాట్లాడి, బిడ్డను మట్టి చేయడానికి ఆ తల్లిదండ్రులకు ఒక పూట సెలవు ఇప్పించుకొచ్చాడు. అందరూ ఆయనకు దండం పెట్టారు. ఆ తల్లి కూడా పెట్టింది.

అప్పుడు మా అమ్మ కడుపుతో ఉంది. నాకు ముందు ఒకరు, తరవాత ఒకరు పురిట్లోనే పోయారు. మా గుంపులో మంత్రసాని పని తెలిసిన ఒక ముసలమ్మ అమ్మ కడుపు తడిమి చూసి, బిడ్డ అడ్డంగా ఉందని, ఇది తన చేతిలో అయ్యే కాన్పు కాదని, నొప్పులు మొదలవగానే సర్కారు దవాఖానాకు తీసుకుపోవాలని ఖరాఖండిగా చెప్పింది. నొప్పులు తాళం చూసుకుని రావు కదా. ఆ రోజు నుంచి మా అమ్మ సాయంత్రం అవుతుంటే గేటు వైపు చూడటం మొదలుపెట్టింది. వండుతూ చూసేది, తింటూ చూసేది. నేను అమ్మను చూసేదాన్ని. అమ్మ చచ్చిపోతుందని నాకు గట్టి నమ్మకం కుదిరిపోయింది.

మా పక్క గుడిసెలో ఒక అక్క ఉండేది. పెద్దలూ పిల్లలూ అందరూ అక్క అనే పిలిచేవారు. మాకంటే చాలా ముందు ఢిల్లీ వచ్చి, ఒకచోట పని అయిపోతే ఇంకోచోటికి మారుతూ మా గుంపులో కలిసింది. మొగుడు ఒక కట్టడం మీద నుంచి పడి చనిపోయాడు. హిందీ గడగడా మాట్లాడేది. నవ్వు ఎక్కువ, కోపం అంతకన్నా ఎక్కువ. తట్ట మీద తట్ట ఎత్తుకుని మొగవాళ్ళతో పందెం వేసేది. ఆమెను చూసి నాయకురాలని ఎవరూ అనుకోరు. మాకు తెలిసిన నాయకత్వం మేస్త్రీది, అంటే గొంతు. గొంతు పెద్దదైనవాడు పెద్దమనిషి. అక్క పదిమందిలో మాట్లాడగా నేను వినలేదు. ఒక్కొక్కరి పక్కన కూర్చుని, పేలు చూస్తూనో, చింపిన గోనె కుడుతూనో మాట్లాడేది.

ఇదివరకు తను పనిచేసిన చోట ఒక పెద్ద నాయకుడు ఉండేవాడని ఆడవాళ్ళకు కథలా చెప్పేది. జీపులో వచ్చేవాడట, తెల్లబట్టలట, మైకు పట్టుకుంటే ఆకాశం దద్దరిల్లేదట. కూలీలంతా ఆయన వెనక పని ఆపేశారు. ఒక రోజు జీపు రాలేదు. మర్నాడూ రాలేదు. ఆయన్ను కొన్నారో కొట్టారో ఎవరికీ తెలియలేదు. ఆయన లేకపోతే ఏం అడగాలో కూడా వీళ్ళకు తెలియదు. నాలుగు రోజులు బిక్కమొహాలు వేసుకుని కూర్చుని, తిట్లు తిని, మళ్ళీ తట్టలు ఎత్తుకున్నారు. అక్క ఇదంతా ఆ నాయకుడి నడకను అనుకరిస్తూ చెప్పి అందరినీ నవ్వించేది. నవ్వు ఆగాక మాత్రం, “ఒక్క నోరుంటె మూసుడు అల్కగ. అందరికి నోర్లుంటె ఎన్నని మూస్తరు?” అనేది.

బిడ్డ పోయిన తరవాత ఆమె పెట్టిన బడి అదే. సాయంత్రం రొట్టెలు కాల్చుకునే వేళ ఒక్కో గుడిసెకు పోయి ఒకే ఒక్క హిందీ మాట నేర్పేది. ‘తాలా ఖోలో సాబ్’. తాళం తీయండి దొరా అని. మా నాయన నోట్లో అది తిరిగేది కాదు. సిగ్గుపడి, “నాకెందుకక్కా, నువ్వొక్కదానివి చెప్తె సాలదా, నీకు మంచిగ వచ్చు గద” అన్నాడు. అక్కకు కోపం వచ్చింది. “నీ పెండ్లం ప్రాణం నీది గాదా? నీ నోటితోని అడుగు” అంది. నాయన తల దించుకుని, పిల్లాడు ఎక్కం చెప్పినట్టు చెప్పాడు. ఆ మాటకొస్తే ముసలమ్మ అందరికన్నా బాగా పలికేది. పళ్ళు లేని నోటికి హిందీ ఎలా కుదిరిందో మరి.

ఇంకొక సంగతి కూడా నేర్పింది, అది ఆటలా నేర్పింది. అందరం గుండ్రంగా కూర్చునేవాళ్ళం. ఒకర్ని అవతలకు పంపి, మిగిలినవాళ్ళలో ఒకర్ని రాజును చేసేవాళ్ళం. రాజు చప్పట్లు కొడితే అందరూ చప్పట్లు, రాజు తొడ చరిస్తే అందరూ తొడలు. అవతలకు పోయినవాడు వచ్చి మధ్యలో నిలబడి రాజెవరో కనిపెట్టాలి. పిల్లల ఆటే. అక్క పెద్దవాళ్ళను కూడా పట్టి కూర్చోబెట్టేది. పెద్దవాళ్ళు చిటికెలో దొరికిపోయేవారు. ఎందుకంటే అందరూ గుడ్లప్పగించి రాజునే చూసేవాళ్ళు. మధ్యలో ఉన్నవాడికి చేతులు చూడాల్సిన పనే లేదు, కళ్ళు చూస్తే చాలు. అక్క తల కొట్టుకునేది. రాజును చూడొద్దు, నీ ఎదురుగా ఉన్నవాణ్ణి చూడు, వాడు ఇంకొకణ్ణి చూస్తాడు, అలా చుట్టూ తిరిగి వస్తుంది అని విడమరిచి చెప్పేది. పిల్లలం రెండు మూడు రోజుల్లో ఆరితేరాం. పెద్దవాళ్ళు కూడా మెల్లగా దారికొచ్చారు. మా అమ్మకు మాత్రం చేతకాలేదు. అక్క రాజైతే మరీనూ. అమ్మ చూపు అక్క మొహానికి అతుక్కుపోయేది. “నన్ను చూడకు చెల్లే, నన్ను చూస్తె నేను సస్త” అని అక్క నవ్వుతూ అరిచేది, అమ్మ కూడా కడుపు పట్టుకుని నవ్వేది.

స్లాబు వేసే రోజు కోసం అక్క కాచుకుని ఉందని నాకు తరవాత అర్థమైంది. ఇల్లు కట్టించినవాళ్ళకు తెలిసే ఉంటుంది, స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. సగం వేసి ఆపితే ఆ సగం గట్టిపడిపోతుంది, మర్నాడు పోసింది దానితో కలవదు, అతుకు పడుతుంది, వాన నీళ్ళు కారతాయి. అందుకే ఆ రోజు కాంక్రీటు కలిపే మిషను ఆగదు, మనుషులూ ఆగరు. కింది నుంచి పై దాకా ఏటవాలు చెక్కల మీద ఆడవాళ్ళు వరసగా నిలబడి తట్టలు అందించుకుంటారు. అమ్మను బరువులు ఎత్తొద్దని ముసలమ్మ కట్టడి చేసింది కాబట్టి, తను కింద నీడన కూర్చుని ఖాళీ తట్టలు అందిస్తోంది. నేను ఇసుక కుప్ప దగ్గర పసిపిల్లల్ని ఆడిస్తున్నాను.

ఎండ నడినెత్తికి వచ్చింది. స్లాబు సగమైంది. అప్పుడు తట్టలు ఆగిపోయాయి. ముందు ఎవరు దించారో నాకు ఈనాటికీ తెలియదు, కళ్ళప్పగించి చూస్తూ కూడా కనిపెట్టలేకపోయాను. ఎవరో గంట కొట్టి చెప్పినట్టు వరస మొత్తం తట్టలు నేల మీద పెట్టేసి ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు. అరుపుల్లేవు, జెండాల్లేవు. మిషను ఒక్కటీ ఉత్తినే గడగడ తిరుగుతోంది. మావాళ్ళు ఇంత పని చేయగలరని నేను అనుకోలేదు. అంత గర్వం మళ్ళీ నా జీవితంలో నాకు కలగలేదు.

మున్షీ పరుగెత్తుకొచ్చాడు. ఏమైందని అడిగితే ఎదురుగా ఉన్నవాడు ‘తాలా ఖోలో సాబ్’ అన్నాడు. పక్కవాణ్ణి అడిగాడు, వాడూ అదే. ఆడవాళ్ళను అడిగాడు, అదే. మేస్త్రీ వచ్చి తల్లుల్నీ పెళ్ళాల్నీ ఎత్తి తిట్టాడు. “ఎవడు సెప్పిండురా మీకు? ఎవడు నేర్పిండు?” అని మా నాయన చొక్కా పట్టుకున్నాడు. అయినా నాయన మేస్త్రీకి కూడా హిందీలోనే, ‘తాలా ఖోలో సాబ్’ అన్నాడు. మేస్త్రీని సాబ్ అన్నందుకు ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క వంతు వచ్చింది. తనకు అంత హిందీ వచ్చి కూడా, అందరిలాగే ఆ మూడు మాటలే అని నోరు మూసుకుంది. ఒక్కరంటే ఒక్కరు కూడా ఆమె వైపు చూడలేదు. అక్క మొహం చెమటతో, సంతోషంతో మెరిసిపోయింది.

కాసేపటికి ఠేకేదారే కారులో వచ్చాడు. ఆయన్ను మేం అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. తెల్లజుట్టు, మెత్తని మాట. రాగానే చేసిన మొదటి పని, మున్షీని కసిరి అవతలకు పొమ్మనడం. తరవాత మా కడవలోంచే గ్లాసుడు నీళ్ళు అడిగి తాగాడు. స్లాబు వైపు ఒకసారి చూశాడు, మా వైపు ఒకసారి చూశాడు. మేం తిట్లకు సిద్ధంగా ఉన్నాం. ఆయన మున్షీని మళ్ళీ పిలిచి, జేబులోంచి తాళంచెవి తీయించి తన అరచేతిలో పెట్టుకుని, నవ్వుతూ, “ఠీక్ హై. తాలా ఖుల్ గయా. అబ్ బతావో, చాబీ కిస్‌కో దూఁ?” అన్నాడు.

తాలా అన్నది అక్క నేర్పిన మాటే, చాబీ అన్నది గేటు దగ్గర రోజూ వినే మాటే. తాళం తీసేశాను, చెవి ఎవరికివ్వను అని ఆయన అడిగింది ఎవరూ అనువాదం చేయకుండానే అందరికీ తెలిసిపోయింది. అది ఉత్తి ప్రశ్న కాదని తెలియడానికి మాత్రం మాకు ఆ ఠేకేదారంత వయసూ, ఆయనంత డబ్బూ ఉండాలి. కోపం చేస్తే ఎలా ఉండాలో అక్క అందరికీ నేర్పింది. మంచిగా ఇస్తానంటే ఎలా ఉండాలో నేర్పలేదు. మంచిగా ఇస్తారని ఆమెకూ తోచి ఉండదు.

మొదట చూసింది మా అమ్మ. నీడలో కూర్చున్నది కూర్చున్నట్టే, నిండు కడుపుతో, మొహమంతా వెలిగిపోతుంటే అక్క వైపు తల తిప్పింది. బతికానక్కా అన్నట్టుంది ఆ చూపు. నేను ‘అమ్మా’ అని అరిచేలోపే ఆలస్యమైపోయింది. అమ్మ వెనక ముసలమ్మ చూసింది. తరవాత నాయన, ఆ పైన చెక్కల మీద వరస మొత్తం. తలలన్నీ ఒక్క వైపే తిరిగాయి. నిజం చెప్పాలంటే ఎవరూ భయపడి చూడలేదు. ప్రేమతోనే చూశారు. అందుకే నాకు ఇన్నేళ్ళైనా ఒళ్ళు మండుతుంది.

ఠేకేదారు కూడా ఆ చూపుల వెంబడి చూశాడు. అక్కను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, “అచ్ఛా” అన్నాడు. ఇంకేం అనలేదు. తాళంచెవి తీసుకెళ్ళి మేస్త్రీ చేతిలో పెట్టాడు. నేను మీ మనిషినే కదా, మీ తాళం ఇక మీ దగ్గరే అని మేస్త్రీ మాకు తెలుగులో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. తట్టలు మళ్ళీ కదిలాయి. పొద్దు వాలేసరికి స్లాబు పూర్తయింది, అతుకు లేకుండా.

ఆ సాయంత్రం గుడిసెల్లో పాటలు పాడారు. గేటు బార్లా తెరిచి ఉంది. పిల్లలం ఊరికే లోపలికీ బయటికీ పరుగెత్తాం. అక్క ఒక్కతే తన గడపలో కూర్చుని తనను తాను తిట్టుకుంటోంది. గేటు పక్కనే ఒక మేకు కొట్టి చాబీ దానికి తగిలించండి, కావాల్సినవాళ్ళు తీసుకుంటారు అనాల్సిందట. ఆ మాట అందరికీ ముందే నేర్పాల్సిందట. అసలు తాళమే వద్దు అనాల్సిందట. “తాళం తియ్యిమని అడిగిన గని, తీసెటోడు ఎవడని అనుకోలె సూడు. నాకు బుద్ధి లేదు” అని నెత్తి మీద కొట్టుకుంది. నాయన వచ్చి, పోనీలే అక్కా, గేటు తెరుచుకుంది గదా అన్నాడు. అక్క ఆయన్ను చూసిన చూపు నాకు గుర్తుంది.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ వచ్చి అక్కకు పని లేదన్నాడు. కారణం చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. స్లాబు అయిపోయింది కాబట్టి ఆ రోజు పని ఆపినా ఎవరికీ నష్టం లేదు, ఆ సంగతి ఠేకేదారుకు తెలుసు, మాకూ తెలుసు. అక్క మూట కట్టుకుంది. చెప్పొద్దూ, ఆ పూట ఒక్కరు కూడా ఆమె వైపు చూడలేదు. తట్టల్ని చూసుకున్నారు, పిల్లల్ని చూసుకున్నారు, చెప్పుల్ని చూసుకున్నారు. ఆట అందరికీ బ్రహ్మాండంగా వచ్చేసింది. నాయన ఒక్కడు లేవబోయాడు. అమ్మ ఆయన చొక్కా కొస పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. అమ్మకు నెలలు నిండాయి, తాళంచెవి మేస్త్రీ మొలతాడుకు వేలాడుతోంది.

అక్క పోతూ పోతూ మా గుడిసె ముందు ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆమె అమ్మ ముందు గొంతుకూర్చుని, “అంతమంది ఉండంగ నన్నే ఎందుకు సూసినవు చెల్లే?” అని అడిగింది. అమ్మ ఏడ్చేసింది. “ఇంకెవల్ని సూడాలె అక్కా? నాకు ఇంకెవలున్నరు?” అంది. అక్క అమ్మ కడుపు మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి తీసి, మూట నెత్తిన పెట్టుకుని గేటు దాటిపోయింది. నేను గేటు దాకా వెళ్ళాను. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని నిలబడ్డాను. చూడలేదు. బస్సులు పోయే రోడ్డు వైపు నడిచి, మలుపు తిరిగిపోయింది.

వారం తిరక్కుండానే గేటుకు మళ్ళీ తాళం పడింది. ఈసారి వేసేది మేస్త్రీ. మా తాళమేనట, మా మంచికేనట. ఎవరికి తీయాలో, ఎవరికి కూడదో ఆయన చూసుకునేవాడు. తనకు నచ్చినవాళ్ళు పొద్దుగూకాక కూడా బజారుకు పోయివచ్చేవాళ్ళు. నచ్చనివాళ్ళకు ఆయన అప్పుడే పడుకుని ఉండేవాడు. ఇదివరకు అందరం ఒకే తాళం కింద ఉండేవాళ్ళం, ఇప్పుడు మాలో మాకు ఈర్ష్యలు వచ్చాయి. అక్క పేరెత్తితే, అది ఉన్నప్పుడు గొడవలే గదా అనేవాళ్ళు బయల్దేరారు. ఎవరైతే పళ్ళు లేని నోటితో అందరికన్నా చక్కగా ఆ హిందీ మాట పలికిందో, ఆ ముసలమ్మ కూడా అంది.

అమ్మకు నొప్పులు వచ్చింది సందె వేళ, అప్పుడే తాళం పడ్డాక. నాయన మేస్త్రీ గుడిసెకు పరుగెత్తాడు, నేనూ వెనకాలే పరుగెత్తాను. మేస్త్రీ అన్నం తింటున్నాడు. నాయన గడప బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపలికి అమ్మ కేకలు వినబడుతున్నాయి. మేస్త్రీ ఆఖరి ముద్ద దాకా తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, తువ్వాలుతో తుడుచుకున్నాడు, అప్పుడు లేచాడు. గేటు తీస్తూ నాయన భుజం మీద చెయ్యి వేసి, భయపడకు నేనున్నాను అన్నాడు. ఇటుకలు మోసే తోపుడు బండి మీద అమ్మను పడుకోబెట్టి దవాఖానాకు తీసుకుపోయారు. డాక్టరమ్మ ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని అందట. తెల్లారేసరికి నాకు తమ్ముడు పుట్టాడు. అమ్మ బతికింది.

మేస్త్రీ లడ్డూలు పట్టుకుని దవాఖానాకు వచ్చాడు. తను తాళం తీయకపోతే ఏమయ్యేదని నవ్వుతూ అడిగాడు. నాయన వంగి ఆయన కాళ్ళు ముట్టుకున్నాడు. తొట్టెలలో వేసిన రోజున, పాత చీరతో కట్టిన ఆ ఉయ్యాల ముందు అమ్మ కూర్చుని బిడ్డ చెవిలో పేరు చెప్పింది. మేస్త్రీ పేరు. ఇది ఎవరి బలవంతమూ కాదు. అమ్మ మనస్ఫూర్తిగానే పెట్టింది. నేను ఉయ్యాల అవతల నిలబడి అమ్మ మొహంలోకే చూస్తున్నాను, ఆమె నా వైపు చూడలేదు. నాకు అమ్మ మీద అసహ్యం పుట్టింది. దాన్ని దాచుకోవడం రాక, బయటికి పోయి గేటు పక్కన కూర్చుని ఏడ్చాను.

తరవాత మేం ఊరికి చేరాం. నేను హాస్టల్లో ఉండి చదువుకున్నాను, అంగన్‌వాడీ టీచరునయ్యాను, మా టీచర్ల సంఘంలో పనిచేశాను, ధర్నాలకు కూర్చున్నాను. నాయకత్వం గురించి మాకు అప్పుడప్పుడు తరగతులు పెట్టేవారు. గొంతు ఎలా ఎత్తాలి, జనాన్ని ఎలా కదిలించాలి అని ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెప్పేవారు. నేను వెనక వరసలో కూర్చుని వినేదాన్ని. జనం కదలడం నేను చూశాను. కదిలిన జనం, పని అయిపోయాక తలకాయలు దించుకోవడం కూడా చూశాను. ఆ రెండోదాని గురించి ఏ తరగతిలోనూ చెప్పరు. అక్క పద్ధతే గొప్పదని వేదికెక్కి చెప్పాలని నాకూ ఉంటుంది. కానీ ఆ పద్ధతి ఆమెను కాపాడలేదు. మా కోరిక తీర్చారని ఏ అధికారి చెప్పినా నేను చప్పట్లు కొట్టను. ఇచ్చింది ఎవరి చేతిలో పెట్టారో చూస్తాను. తోటివాళ్ళు నన్ను అనుమానపు మనిషి అంటారు. అననీ.

అమ్మ మీద కోపం మాత్రం వయసుతో పాటు కరిగింది. నాకు పిల్లలు పుట్టాక కరిగింది. పురిటి నొప్పుల్లో ఉన్నదానికి ఎవరు ఎందుకు తాళం తీశారన్నది అనవసరం, తెరుచుకుంటే చాలు. తీసిన చెయ్యి కనబడుతుంది, తీయించిన చెయ్యి కనబడదు. అక్క అలా కనబడకుండా ఉండాలనే కదా అంత తాపత్రయపడింది. ఆమె కోరుకున్నట్టే చివరికి ఎవరికీ కనబడకుండా పోయింది.

మా తమ్ముడు మంచివాడు. వాడి తప్పేముంది? అయినా నేను ఇంతవరకు వాణ్ణి పేరు పెట్టి పిలవలేదు. తమ్ముడూ అంటాను, వాడి పెళ్ళిలో కూడా అలాగే అన్నాను. నాకు ఆడపిల్ల పుట్టినప్పుడు అక్క పేరు పెట్టాలని ఎంతో ఆశపడ్డాను. అసలు పేరు ఏమిటని అమ్మను అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించి, “మనమంత అక్క అనే పిలిస్తిమి గదనే” అంది. నాయనను అడిగాను. ఊళ్ళో మిగిలిన మా గుంపువాళ్ళను ఒక్కొక్కరిని అడిగాను. మేస్త్రీ పేరు మా ఇంట్లో ఈ రోజుకీ పొద్దస్తమానం పిలుస్తూనే ఉంటారు. అక్క పేరేమిటో మాలో ఒక్కరికీ తెలియదు.